ఖచ్చితంగా తెలుసు

సలోమికి పరీక్షల మీద నమ్మకం పోయి చాలా కాలమయింది. అయితే పరీక్షలు పెట్టడమే ఆమె ఉద్యోగం.

నంద్యాలలో విశ్వేశ్వరయ్య పెట్టిన మందుల షాపు పెరిగి పెరిగి ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల, ఆత్మకూరు, డోన్ దాకా పాకింది. పెద్దాయన గల్లా దగ్గర కూర్చోవడం మానేశాక కొడుకు ఓంప్రకాష్ వ్యవహారమంతా చూస్తున్నాడు. కౌంటర్ల మీద పనిచేసేవాళ్లకు శిక్షణ ఇవ్వడానికి, బీఫార్మసీ చదివిన సలోమిని ఏరికోరి తెచ్చుకున్నది అతనే.

ఆమె నెలనెలా అందరినీ నంద్యాల షాపు మేడ మీదికి పిలిచి పాఠం చెప్పేది, ఆ తర్వాత ఫోన్లలో పరీక్ష పెట్టేది. మార్కులు దండిగా వచ్చేవి. అదే నెలలో ఎవరో ఒకరు కంటి చుక్కలు అడిగినవాళ్లకు చెవి చుక్కలు ఇచ్చేవారు. నాలుగు జవాబులిచ్చి ఒకటి నొక్కమంటే, ఏమీ తెలియనివాడికి కూడా అప్పుడప్పుడూ తగులుతుంది. వాడు తెలిసి నొక్కాడా, గుడ్డిగా నొక్కాడా అన్నది మార్కు చెప్పదు. ఆ సంగతే సలోమిని తినేసేది.

అందుకని ఆమె ప్రతి ప్రశ్న కింద ఇంకో ప్రశ్న చేర్చింది. ఈ జవాబు మీద నీకెంత నమ్మకం? దానికి మూడు బటన్లు: ఖచ్చితంగా తెలుసు, తెలుసనుకుంటున్నా, తెలియదు.

"తెలియదని నొక్కితే ఎవురూ ఏమీ అనరు. నాకు కావాల్సిందే అది. ఎవురికి యాడ సందేహముందో తెలిస్తేనే కదా ఆడ చెప్పేది" అని అందరికీ నచ్చజెప్పింది.

మొదటిసారి వాళ్లు నిజంగానే నిజం నొక్కారు. ఫలితాలు చూస్తుంటే సలోమికి చీకటి గదిలో దీపం వెలిగించినట్టుంది. తెలియదన్నవాళ్ల గురించి ఆమెకు దిగులు లేదు. వాళ్లు పక్కవాణ్ని అడుగుతారు. తెలుసనుకుంటున్నామన్నవాళ్లు డబ్బా తిప్పి చదువుతారు. భయమంతా ఇంకో రకంతోనే. జవాబు తప్పు, నమ్మకం మాత్రం నిండుగా. వాళ్లు ఎవరినీ అడగరు, ఏదీ చదవరు.

ఆ రకంలో అందరికంటే పైన ఆళ్లగడ్డ అజయ్ కుమార్ ఉన్నాడు. ఆ షాపు తెరిచిన నాటి నుంచీ కౌంటర్ మీద ఉన్న మనిషి. ఊళ్లో సగం మందికి డాక్టరు తర్వాత అతని మాటే మాట. అతను తప్పిన ప్రశ్న ఇన్సులిన్ సిరంజిది.

ఇన్సులిన్ రెండు రకాల సీసాల్లో వస్తుంది. ఒకటి పలచన, ఎమ్మెల్‌కు నలభై యూనిట్లు. ఇంకొకటి చిక్కన, ఎమ్మెల్‌కు వంద. పలచనిదానికి ఎర్రమూత సిరంజి, చిక్కనిదానికి ఆరెంజ్ మూత సిరంజి. చిక్కటి మందును ఎర్రమూత సిరంజిలోకి తీస్తే ఒంట్లోకి రెండున్నర రెట్లు పోతుంది. మనిషి ప్రాణం మీదికొస్తుంది. అజయ్ మాత్రం, 'ఏ సిరంజి అయినా ఒకటే' అన్నదాన్ని నొక్కి, దాని కింద 'ఖచ్చితంగా తెలుసు' అని నొక్కాడు.

సలోమి ఆ సాయంత్రమే ఓంప్రకాష్ గదికి పోయింది.

"సార్, అజయన్నను ఒక్క రోజు నా దగ్గరికి పంపించండి. ఒంటరిగా కూర్చోబెట్టి చెప్పాల."

ఓంప్రకాష్ కంప్యూటర్లోనుంచి తల తిప్పలేదు. "ఏందీ మేడమ్, మీరంటాండేది? ఆళ్లగడ్డ చూడండి. నమ్మకంలో అన్ని షాపుల కంటే పైనుంది. అజయ్ వల్లనే కదా!"

"నమ్మకం ఎక్కువుంటే మంచిదని కాదు సార్. తప్పు జవాబు మీద నమ్మకముంటే..."

"నమ్మకంగా చెప్పేవాని దగ్గరే కస్టమర్ మందు కొంటాడు. నసిగేవాని దగ్గర కొంటాడా?"

మరుసటి వారం నంద్యాల షాపులో గల్లా వెనక ఒక బోర్డు వేలాడింది. షాపుల పేర్లు, ఎదురుగా నమ్మకం శాతం. ఏ షాపు మొదట వస్తే దాంట్లో పనిచేసేవాళ్లందరికీ ప్రెషర్ కుక్కర్లు. అజయ్‌కు శాలువా కప్పి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సలోమిని కూడా ఆ ఫోటోలో నిలబెట్టారు. నవ్వమన్నారు.

తర్వాతి పరీక్షలో ఒక్కరంటే ఒక్కరు కూడా 'తెలియదు' నొక్కలేదు. కోయిలకుంట్ల షాపులో కొత్తగా చేరిన జెస్సికా అంతకుముందు సగానికి పైగా ప్రశ్నలకు తెలియదని నొక్కిన పిల్ల. ఈసారి అన్నిటికీ ఖచ్చితంగా తెలుసంది. సలోమి ఫోన్ చేసి అడిగింది.

"నా ఒక్కదాని వల్ల షాపు కిందికి పోతాందని అందరూ కొట్లాడినారక్కా" అంది జెస్సికా. "తెలుసని నొక్కేదానికేముంది, వేలే కదా."

సలోమి ఫోన్ పెట్టేసి, ఆ ఫలితాలను మళ్లీ తెరవబుద్ధి కాక కూర్చుండిపోయింది. వెలిగించిన దీపాన్ని తన కళ్ల ముందే ఊదేశారు. పైగా ఓంప్రకాష్ మెట్ల మీద ఎదురై, "చూసినారా మేడమ్, మీ పద్ధతి ఎంత బాగా పనిచేసిందో!" అన్నాడు. తిడితే బాగుండేదనిపించింది ఆమెకు.

ఇంక ఎవరినీ అడక్కుండా ఒకరోజు సెలవు పెట్టి ఆళ్లగడ్డ బస్సెక్కింది. దారి పొడుగునా లోపల్లోపల ఓంప్రకాష్‌తో వాదిస్తూనే ఉంది. బస్సులో గెలిచింది కూడా.

ఆమె పోయేసరికి షాపులో జనం పలచబడ్డారు. అజయ్ కుర్చీ వేసి, టీ తెప్పించాడు. సంగతి వినగానే పగలబడి నవ్వాడు.

"ఇంత దూరం దీనికొచ్చినావా మేడమ్? నేను ఎన్నేండ్ల నుంచి సిరంజీలు అమ్ముతాండా! ఎవురికీ ఏం కాలే. ఇరవై అంటే ఇరవయ్యే. గీత యాడున్నా గీతే."

"సరే అన్నా, వాదన వద్దు. రెండు సిరంజీలు తీసుకురా, గ్లాసులో నీళ్లు తీసుకురా."

ఎర్రమూతది, ఆరెంజ్ మూతది రెండింట్లోనూ అతని చేతనే ఇరవై గీత దాకా నీళ్లు తీయించింది. రెండు టానిక్ మూతల్లో వాటిని వదలమంది. ఆరెంజ్ మూత సిరంజిలోంచి వదిలిన నీళ్లు అడుగున తడిలాగా ఉన్నాయి. ఎర్రమూతదాంట్లోంచి వదిలినవి దానికి రెండింతల పైనే ఉన్నాయి.

అజయ్ ఆ మూతల వైపు చూశాడు. సిరంజీలు చేతిలోకి తీసుకుని పక్కపక్కన పెట్టి గీతలు చూశాడు. మళ్లీ నీళ్లు తీసి మళ్లీ వదిలాడు. అతని ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో తెలియలేదు.

"మేడమ్," అన్నాడు మెల్లిగా, "పొద్దున రామసుబ్బమ్మ వచ్చింది."

"ఎవరామె?"

"శిల్పాలు చెక్కే షెడ్ల వెనక ఉంటాది. నంద్యాల డాక్టరు సీసా మార్చినాడు, వంద యూనిట్లది. చీటీలో సిరంజి రాసినాడు గానీ... ఎప్పుడూ తీసుకునే ఎర్రమూతవే ఇచ్చినా. ఇంటికి పోయి సూదేసుకుని తింటా అనింది."

సలోమి గడియారం వైపు చూసి లేచి నిలబడింది. "బండి తియ్యన్నా!"

రాళ్లు చెక్కే మోత మధ్య నుంచి, తెల్లటి దుమ్ములోంచి బండి పోయింది. రామసుబ్బమ్మ ఇంటి తలుపు తెరిచే ఉంది. మంచం మీద ఒరిగి ఉందామె. ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. పక్కింటి అనసూయమ్మ విసనకర్రతో విసురుతోంది.

"ఎండకి కండ్లు తిరిగినట్టుండాయి. పండుకో అంటాండా" అందామె.

"ఎండ కాదమ్మా! చక్కెర యాడుంది?" అంటూ అజయ్ వంటింట్లోకి ఉరికాడు. సలోమి రామసుబ్బమ్మను లేపి కూర్చోబెట్టి పేరడిగింది. ఆమె పేరు చెప్పకుండా, పాలవాడు వచ్చాడా అంటోంది. అయితే ఇచ్చిన చెంచాడు నీళ్లు మింగగలిగింది. దాంతో సలోమికి కొంచెం ధైర్యం వచ్చింది. చక్కెర నీళ్లు గుక్కగుక్కగా తాగించారు. ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకుపోయారు. గ్లూకోజ్ ఎక్కించాక రామసుబ్బమ్మ కళ్లు కుదురుకుని, మనుషులను గుర్తుపట్టింది.

అజయ్ ఆమె కాళ్ల దగ్గర నిలబడి చేతులు జోడించాడు. "తప్పు నాదేనమ్మా. వేరే సిరంజి ఇయ్యాల్సింది."

"నువ్వు చేతిలో పెట్టింది తీసుకుంటి కదప్పా," అంది రామసుబ్బమ్మ నీరసంగా. "నువ్వు ఇచ్చినంక నేను ఎవురినడుగుతా?"

ఆ మాటకు అతను బయటికి పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సలోమి ఓదార్చడానికి పోలేదు. ఆమెకు అతని మీద కోపంగానే ఉంది. తన మీద, బోర్డు మీద, ఆ ఫోటోలో నవ్వినందుకు కూడా కోపంగా ఉంది.

మర్నాడు అంతా విని ఓంప్రకాష్ ముఖం పాలిపోయింది. "ఇప్పుడామె బాగుంది కదా?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. ఆమె ఆసుపత్రి ఖర్చంతా తామే పెట్టుకుంటామన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత కాసేపు ఆలోచించి, "అజయ్‌ను గోడౌన్‌కు మార్చేద్దాం. ఈ సంగతి ఎవురికీ తెలియగూడదు" అన్నాడు. "ఇంకోటి మేడమ్. ఆ మూడు బటన్లలో తెలియదు, తెలుసనుకుంటున్నా తీసేయండి. ఎట్లాగూ ఎవురూ నొక్కడం లేదు."



"సార్, ఎందుకు నొక్కడం లేదు? బోర్డు పెట్టి, కుక్కర్లు పంచి, నొక్కకుండా చేసింది మనమే! మొదటిసారే మీకు చెప్పినా కదా అజయన్న గురించి. అప్పుడు శాలువా కప్పినారు. ఇప్పుడు తప్పు ఒప్పుకుంటే గోడౌన్‌కు తోస్తారా? ఇంక ఈ షాపుల్లో ఎవడన్నా నోరు తెరిచి నాకు తెలియదంటాడా?"

"గొంతు తగ్గించండి మేడమ్."

"అజయన్న కౌంటర్ మీదే ఉండాల. అతని సంగతి అతనే అందరికీ చెప్పాల. లేదంటే వేరే మనిషిని చూసుకోండి. ఖచ్చితంగా తెలుసనేవాళ్లు మీకు చానామంది దొరుకుతారు."

ఓంప్రకాష్ నుదురు రుద్దుకున్నాడు. చివరికి అజయ్‌ను కదిలించనన్నాడు. బోర్డు మాత్రం తీయనన్నాడు. అది చూసి కస్టమర్లు మెచ్చుకుంటున్నారట. సలోమి ఇంకా వాదించేదే, కానీ అతను ఫోన్ ఎత్తుకుని ఎవరితోనో మాట్లాడడం మొదలుపెట్టాడు.

ఆ నెల క్లాసులో అజయ్ లేచి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. నీళ్లు తెప్పించి రెండు మూతల్లో వదిలి చూపించాడు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఏమీ అడగనూ లేదు. ఆ తర్వాత పెట్టిన పరీక్షలో మళ్లీ అందరూ అన్నిటికీ ఖచ్చితంగా తెలుసనే నొక్కారు. సలోమి ఫోన్‌ను బల్ల మీద బోర్లా పడేసింది. వీళ్లకు చెప్పడం నా వల్ల కాదు అనుకుంది.

రెండో రోజు మధ్యాహ్నం ఆమె అన్నం కలుపుకుంటుంటే ఆళ్లగడ్డ నుంచి అజయ్ ఫోన్ చేశాడు.

"మేడమ్, పిల్లోనికి జ్వరం సిరప్ ఇయ్యాల. రెండు పవర్లలో ఉండాది. నాకు తెలుసనే అనుకుంటాండా, గానీ బరువును బట్టి ఒక్కసారి నువ్వు చెప్పు."

చెప్పింది. ఎంగిలి చేయి ఆరకముందే కోయిలకుంట్ల నుంచి జెస్సికా చేసింది. సాయంత్రం డోన్ నుంచి ఒకరు, పేరు కూడా చెప్పకుండా, ఎవరికీ చెప్పొద్దని బతిమాలి మరీ ఒక సందేహం అడిగారు. పరీక్షలో అదే ప్రశ్నకు ఆ షాపువాళ్లంతా నూటికి నూరు నమ్మకం చూపించారు.

"ఇదే ముక్క పరీక్షలో నొక్కి సావచ్చు కదా!" అని అరిచింది సలోమి.



"కస్టమర్ నిలబడి ఉండాడు మేడమ్," అంది ఆ గొంతు. "తొందరగా చెప్పండి."

సలోమి ఒక నిట్టూర్పు విడిచి, డబ్బా మీద ఏం రాసుందో మొదటి నుంచి చదవమంది.