చుట్టరికం ఉన్నవాళ్లు బయటికి

యాసెనోవో ఉమ్మడి నిధి కార్యాలయంలో అన్నిటికంటే ఎక్కువ అరిగిపోయింది సమావేశాల గది గడప. ఎవరి దరఖాస్తు మీద చర్చ జరుగుతోందో, వాళ్లతో చుట్టరికం ఉన్న సభ్యులు ఆ కాసేపూ గదిలో ఉండకూడదు. అది నిధి నియమం. వియన్నాలో స్థిరపడి ఏటేటా డబ్బు పంపే ఊరివాళ్లు పట్టుబట్టి పెట్టించారు. దూరాన కూర్చున్నవాళ్లకు నియమాలు పెట్టడం సులువే. యాసెనోవోలో రక్తసంబంధం లేనివాళ్లు వెతికితే దొరుకుతారేమో గాని, కుమ్ కానివాళ్లు మాత్రం దొరకరు. పెళ్లిలో సాక్షిగా నిలబడితే కుమ్. బిడ్డను జ్ఞానస్నానానికి ఎత్తుకుంటే కుమ్, ఆడమనిషైతే కుమా. వియ్యం కన్నా గట్టిది ఆ బంధం. తాతలనాడు మొదలైతే మనవల దాకా పాకుతుంది. అన్నదమ్ములు కొట్టుకుంటారు గాని కుమ్‌లు కొట్టుకోరు.

ఆ రోజు చర్చి గాయకుల దరఖాస్తు వచ్చింది. నిధిని నడిపే దెసాంకగారు చదవడం మొదలుపెట్టారో లేదో, కుర్చీలు కిర్రుమన్నాయి.

"వాళ్ల పెద్దాయన నా పెళ్లికి కుమ్," అంటూ పశువుల డాక్టర్ క్రస్‌మన్ లేచాడు.

"మా అక్కకి ఆయన భార్య కుమా," అంటూ మందుల షాపావిడ లేచింది. వాళ్ల వెనకే మిగతావాళ్లు. చివరికి దెసాంకగారు కూడా కళ్లద్దాలు మడిచి లేచారు.

"నా కొడుక్కి పేరు పెట్టిందే ఆయన. నువ్వు ఆలోచించుకుని చెప్పమ్మా. కాఫీ చల్లారిపోతుంది, తాగు."

ఖాళీ కుర్చీల మధ్య విష్న్య ఒక్కతే మిగిలింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. నోట్లో నాలుక లేదని ఊరంతా అనుకునే రకం. గాయకులు తమ గది వెచ్చబడడానికి పొయ్యి కావాలని అడిగారు. విష్న్య ముందే వెళ్లి చూసి వచ్చింది. చలికాలంలో వాళ్లు చేతులకు ఉన్ని తొడుగులతో, పొగలా శ్వాస వదులుతూ పాడుతున్నారు. ఆమె తలుపు దగ్గరికి వెళ్లి తన నిర్ణయం చెప్పింది.

"ఏమందీ? ఇవ్వొచ్చందా, ఇవ్వొద్దందా?" అన్నాడు క్రస్‌మన్, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. "ఈ పిల్ల మాట వినాలంటే మా ఆసుపత్రి నుంచి గుండె చూసే గొట్టం తెచ్చుకోవాలి."

విష్న్యకు ఈ ఉద్యోగం వచ్చింది కూడా ఆ నియమం వల్లే. వాళ్లది ఉత్తరాన మైదానపు ఊరు. తల్లికి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు పని దొరికితే రెండేళ్ల కిందట ఈ కొండలోయకు వచ్చారు. నిధి కార్యాలయంలో దెసాంకగారు ఆమె చదువు గురించి ఏమీ అడగలేదు.

"ఈ లోయలో నీకు కుమ్‌లు ఎవరైనా ఉన్నారా?"

"లేరండి."

"మీ అమ్మకి?"

"లేరండి."

"రేపు పొద్దున్నే వచ్చెయ్. వేసవిలో పెత్రోవ్‌దాన్ పండుగ దాకా చూస్తాను. కుదిరితే ఉద్యోగం నీదే."

అప్పటి నుంచి విష్న్య ఊరూరూ తిరుగుతోంది. అడిగినవాళ్ల ఇళ్లకు వెళ్లడం, వాళ్లు కాగితం మీద రాసిన దానికీ కళ్లకు కనిపిస్తున్న దానికీ పొత్తు కుదురుతుందో లేదో చూడడం, ఒక ప్రశ్న అడిగి జవాబు పూర్తయ్యే దాకా ఊరుకోవడం. మాట్లాడడం రాకపోయినా ఊరుకోవడం ఆమెకు బాగా వచ్చు. ఎవరో కష్టపడి పంపిన డబ్బును సరైన చోటికి చేర్చడం, బతుకంతా చేసినా విసుగు రాని పని అని ఆమెకు గట్టిగా అనిపించింది. ఆ సంగతి తల్లికి చెబితే ఆవిడ నవ్వింది.

"మంది సొమ్ము పంచడం కూడా ఒక ఉద్యోగమేనటే? మన వంశంలో అందరం అడిగి పుచ్చుకున్నవాళ్లమే."

"అందుకే నాకు అడిగేవాళ్ల సంగతి తెలుసమ్మా," అంది విష్న్య.

పండుగ దగ్గరపడే వేళకు వ్రేలో గ్రామం దరఖాస్తు వచ్చింది. వ్రేలోలో మంటలార్పే స్వచ్ఛంద దళం ఉంది. దాని నాయకుడు ఒబ్రాద్. ట్రాక్టర్లు బాగుచేస్తాడు, పెళ్లిళ్లలో గొంతెత్తి పాడతాడు, అడగని సలహాలిస్తాడు. విష్న్య బస్సు దిగేసరికి దళమంతా వరసగా నిలబడి ఉంది. వాళ్ల వెనక ముసలి ఎర్ర బండి.

"మా సింహం!" అన్నాడు ఒబ్రాద్ బండిని చరుస్తూ. తలుపు ఊడి చేతికొచ్చింది.

"గొట్టాలు చూపిస్తారా బాబాయ్?" అంది విష్న్య.

నీటి గొట్టాలు పరిచారు. ప్రతి రెండడుగులకూ సైకిల్ ట్యూబు అతుకు. నీళ్లు వదిలితే మంట మీద పడాల్సినవి పక్కనున్నవాళ్ల బూట్లలో పడ్డాయి. కిందటేడు కోతల తర్వాత మోళ్లు తగలబెడుతుంటే నిప్పురవ్వ ఎగిరి, ఈ గొట్టాలతోనే ఊరి గడ్డివాము బూడిదయింది. విష్న్య అన్నీ రాసుకుంది. తర్వాత దరఖాస్తు రెండో పేజీ తిప్పింది.

"గొట్టాలు సరే బాబాయ్. బంగారు గుండీల కోట్లు ఎందుకు?"

"మనిషిని చూస్తే మంటకి కూడా భయం వెయ్యాలిగా అమ్మాయ్!"

"వీడి పొట్ట చూసి మంట నవ్వలేక చస్తుంది," అంది వెనక నుంచి ఒబ్రాద్ తల్లి క్రూనమ్మ.

విష్న్య అది కూడా రాసుకుంది.

ఆ తర్వాత భోజనం. వెన్న కారుతున్న పొరల రొట్టె, గడ్డమీగడ, అప్పుడే కోసిన రాస్ప్‌బెర్రీలు. రెండో ముక్క తింటుండగా ఒబ్రాద్ భార్య యాగోద, రెండు నెలల పాపను తెచ్చి విష్న్య ఒళ్లో పెట్టింది. పాప ఆమె వేలు పట్టుకుంది. ఒబ్రాద్ లేచి నిలబడి టోపీ తీశాడు. బల్ల చుట్టూ అందరూ చెంచాలు దించారు.

"విష్న్యా, దేవుడి పేరున, పునీత యోవాను పేరున అడుగుతున్నాను. నా కూతురికి కుమా అవ్వు."

కుమ్ కమ్మని అడిగితే కాదనకూడదు. కాదంటే ఆ బిడ్డకు కీడు. ఇది కొండల్లోనూ మైదానంలోనూ ఒకటే. ఒళ్లో ఉన్న పాపకు ఇవేవీ పట్టలేదు, వేలు వదలడం లేదు.

"అలాగే," అంది.

చప్పట్లు మోగాయి. ఒబ్రాద్ ఆచారం ప్రకారం ఆమె బుగ్గల మీద మూడుసార్లు ముద్దుపెట్టాడు. బస్సు కోసం గేటు దాటుతుంటే క్రూనమ్మ గొంతు వినిపించింది.

"ఒరేయ్, కుమాను వెతికింది పిల్లకా, గొట్టాలకా?"

"రెండిటికీనూ అమ్మా! ఒకే దెబ్బ! ఇక మన దరఖాస్తు ఇంటి మనిషి చేతిలో ఉన్నట్టే."

విష్న్యకు బస్సులో గాని పూర్తిగా అర్థం కాలేదు. కుమ్‌లు లేని పిల్ల అనే కదా తనకు ఉద్యోగం ఇచ్చారు. ఉన్న ఆ ఒక్క అర్హతా రొట్టె తినే లోపల పోయింది.

ఇంట్లో తల్లి అంతా విని అట్లకాడ పక్కన పెట్టింది.

"జ్ఞానస్నానం ఎప్పుడు?"

"వచ్చే ఆదివారం."

"సమావేశం?"

"గురువారం."

"అయితే గురువారం నోరు మూసుకో. అది నీకు అలవాటేగా. ఆ ఇంటివాళ్లు తప్ప ఎవరికీ తెలీదు. ఒకళ్లు గదిలో ఉండాలి, నువ్వుంటావు. వాళ్లకి గొట్టాలు, నీకు ఉద్యోగం."

తల్లి చెప్పినదాంట్లో తప్పు దొరకలేదు. గొట్టాలు నిజంగానే కావాలి. తను కుమా కాకపోయినా ఇమ్మనే చెప్పేది. విష్న్య చాలాసేపు రొట్టె మీద వెన్న రాస్తూ కూర్చుంది.

"కోట్లు వద్దని చెప్పగలనో లేదో నాకు తెలియడం లేదమ్మా," అంది చివరికి. "ఇంతకుముందైతే తెలిసేది."

గురువారం దెసాంకగారు వ్రేలో పేరు చదవగానే ఎప్పటిలాగే కుర్చీలు కిర్రుమన్నాయి. క్రస్‌మన్ తమ్ముడికి ఒబ్రాద్ కుమ్. మందుల షాపావిడకు యాగోద తల్లి కుమా. అందరూ గడప దాటాక విష్న్య కూడా లేచింది.

"నువ్వెక్కడికి?" అన్నారు దెసాంకగారు తలుపు దగ్గర.

"బయటికండి."

"బాత్రూమ్ ఆ పక్కన."

"కాదండి. ఒబ్రాద్ బాబాయ్ పాపకి నేను కుమాని. ఆదివారం జ్ఞానస్నానం."

దెసాంకగారు కళ్లద్దాలు తీశారు. మళ్లీ పెట్టుకున్నారు. తప్పుకుని దారిచ్చారు.

నడవాలో బెంచీ మీద ఒబ్రాద్ కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, ఒళ్లో రొట్టెల పళ్లెం. ఒక్కొక్కరూ బయటికి వస్తుంటే ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క ఇస్తున్నాడు. విష్న్యను చూసి చెయ్యి ఆగిపోయింది.

"ఇదేంటి కుమా, నువ్వూ వచ్చేశావ్? లోపల ఎవరున్నారు?"

"ఫ్యాన్ ఉంది," అన్నాడు క్రస్‌మన్ రొట్టె నములుతూ. "దానితో నీకు చుట్టరికం లేదుగా?"

"అంటే?"

"అంటే చూసేవాళ్లు లేరు," అన్నారు దెసాంకగారు. "ఎవరూ లేకపోతే దరఖాస్తు పడిపోయినట్టే. మళ్లీ వచ్చే ఏడాది."

"వచ్చే ఏడాదా! కోతలు వచ్చే నెలే!"

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందిరా ఒబ్రాద్," అన్నాడు క్రస్‌మన్. "ఈ లోయలో నీతో ఏ సంబంధమూ లేని మనిషి ఒక్కర్తే ఉంది. వెళ్లి వెళ్లి ఆవిడనే పట్టుకున్నావ్."

"అయితే ఆ కుమా మాట నేను వెనక్కి..." అనబోయి ఒబ్రాద్ తనే నాలుక కరుచుకున్నాడు. మందుల షాపావిడ శిలువ గుర్తు వేసుకుంది. అలాంటి మాట ఎవరూ పైకి అనగా ఆ నడవా వినలేదు.

దెసాంకగారు విష్న్య వైపు తిరిగారు. కోపంగా లేరు. అదే కష్టంగా ఉంది.

"నిన్ను తీసుకున్నది ఎందుకో నీకు తెలుసుగా అమ్మాయ్."

తెలుసు. విష్న్య తల వంచుకుంది. ఒబ్రాద్ బూట్లు కనిపించాయి. పండుగ బూట్లు, మొన్న గొట్టాల దగ్గర తడిసి, మడమ దగ్గర తెల్లగా చారకట్టాయి. కోతలు వచ్చే నెలే.

"కామెనికలో కూడా నిధి ఉంది కదండీ?" అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఉంది, కొండకి అవతల. అయితే?"

"వాళ్లకీ ఇదే నియమమా?"

"వియన్నావాళ్లు అక్కడ మాత్రం ఊరుకుంటారా?"

"అక్కడ మనవాళ్లకి కుమ్‌లు ఉన్నారా?"

"కామెనికవాళ్లతోనా!" క్రస్‌మన్ దాదాపు ఉమ్మేశాడు. "వాళ్లతో ఫుట్‌బాల్ ఆడినా తలలు పగులుతాయి. కుమ్‌లట!"

"అయితే మనం చూడలేనివి వాళ్లు చూస్తారు. వాళ్లు చూడలేనివి మనం చూద్దాం."

"శత్రువుల చేతిలో పెడతావా నా గొట్టాలు?" అన్నాడు ఒబ్రాద్ నీరసంగా.

"వ్రేలో అడవి అంటుకుంటే ముందు పాకేది కామెనిక వైపే బాబాయ్. ఆ సంగతి వాళ్లకీ తెలుసు."

దెసాంకగారు టెలిఫోన్ ఉన్న బల్ల చూపించారు. "చెయ్యి."

"నేనా?"

"ఆలోచన నీదైతే ఫోన్ నేనెందుకు చేస్తాను?"

విష్న్య నంబరు నొక్కింది. అవతలి ఆవిడ మొత్తం వినకుండానే నవ్వడం మొదలుపెట్టింది. తమ దగ్గరా దరఖాస్తులు మూలుగుతున్నాయట. ఊళ్లో సగం మంది ఫాదర్‌గారి కుమ్‌లు, మిగతా సగం డ్రైవింగ్ నేర్పే మాస్టారి కుమ్‌లు. వచ్చే వారం తనే వచ్చి తమ కాగితాలు ఇచ్చి, ఇక్కడివి పట్టుకుపోతానంది. ఆగలేక, మర్నాడే వచ్చేసింది.

ఆమె వెళ్లాక దెసాంకగారు విష్న్యను పిలిచారు.

"పెత్రోవ్‌దాన్ దాకా చూడక్కర్లేదు. ఉద్యోగం నీదే."

"ఇప్పుడు నాకు కుమ్‌లు ఉన్నారండీ."

"ఉన్నారని చెప్పావుగా. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా. దీన్ని అధికారికంగా మాట్లాడుకోవాలి, వియన్నాకి ఉత్తరం రాయి. కామెనికకి వెళ్లి వాళ్ల దరఖాస్తులు చూసేది నువ్వే."

కామెనికవాళ్లు శనివారమే వ్రేలోకు మనుషులను పంపారు. వాళ్లు గొట్టాలు పరిపించి చూశారు, బండి ఎక్కి చూశారు, బల్ల మీద పెట్టిన దేన్నీ ముట్టుకోకుండా వెళ్లిపోయారు. క్రూనమ్మకు ఆ అవమానంతో రాత్రి తిండి సయించలేదట. ఆ సాయంత్రమే కామెనికవాళ్ల జవాబు వచ్చింది.

"ఫోన్లో చెప్పకు," అన్నారు దెసాంకగారు. "మొహం చూసి చెప్పు. మన పనిలో కష్టమైంది అదే."

ఆదివారం విష్న్య పాపను ఎత్తుకుంది. ఫాదర్ నీళ్లు పోసినప్పుడు పాప గుక్కపట్టి ఏడ్చింది, తర్వాత ఆమె భుజం మీదే నిద్రపోయింది. ఇంటి ముందు బల్లలు వేశారు. ఊరంతా వచ్చింది. విష్న్య తల్లి కూడా కేకు చేసుకుని వచ్చింది. మాంసం కోస్తున్న ఒబ్రాద్ ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఏమన్నారు కుమా, ఆ కామెనిక నక్కలు?"

"గొట్టాలు ఇస్తారు కుమ్. కోతలకు ముందే."

బల్ల చుట్టూ అరుపులు. గ్లాసులు లేచాయి.

"మరి కోట్లు?"

"ఇవ్వరు."

"అంటే తర్వాత చూస్తారా?"

చూద్దాం అంటే సరిపోయేది. గ్లాసులు లేచి ఉన్నాయి, ఒబ్రాద్ మొహం వెలిగిపోతోంది.

"చూడరు," అంది విష్న్య. "ఇవ్వరు. నేను లోపల ఉన్నా అదే చెప్పేదాన్ని."

గ్లాసులు దిగాయి. ఒబ్రాద్ కత్తి కింద పెట్టాడు. యాగోద బల్ల కింద అతని కాలు తొక్కింది. విష్న్య తల్లి కేకు వైపు చూస్తూ కూర్చుంది.

"నీకు తెలుసా," అన్నాడు ఒబ్రాద్, "ఈ లోయలో నాకెవడూ ఇవ్వను అని చెప్పలేదు. మున్సిపాలిటీవాళ్లు చూద్దాం అంటారు. కంపెనీలవాళ్లు చూద్దాం అంటారు. వాళ్లు చూస్తారని నేను ఏడాదంతా గేటు వంక చూస్తూ కూర్చుంటాను. ఎందుకివ్వరో అది కూడా చెప్పేసెయ్."

"గుండీలు మంటలార్పవు గనక."

"మొదటి రోజు నుంచీ నేనూ అదే మొత్తుకుంటున్నా!" అంది క్రూనమ్మ బల్ల అవతలి కొస నుంచి. "నాకు జీతం ఎవరిస్తారు?"

ముందు యాగోద నవ్వింది, తర్వాత అందరూ. ఒబ్రాద్ నవ్వలేదు గాని మాంసంలో మంచి ముక్క తీసి విష్న్య పళ్లెంలో వేశాడు.

"కోతలకు ముందే అన్నావు కదూ? అయితే వాటిని ఎక్కడ పెడతాం? కొట్టంలో ఎలుకలు!" అతను టోపీ పెట్టుకుని లేచాడు. "లేవండర్రా! ఆ పాత కుండలూ చక్రాలూ అన్నీ బయటికి లాగాలి."

"ఇప్పుడా? జ్ఞానస్నానం రోజున?" అంది యాగోద.

"ఇప్పుడే."

దళమంతా తెల్లచొక్కాల చేతులు మడుచుకుంటూ కొట్టం వైపు నడిచింది. విష్న్య నిద్రపోతున్న పాపను తన తల్లికి అందించి, వాళ్ల వెనకే వెళ్లింది.