నీలం కోటు

కురుమమ్మ గంపలో పైన బొట్టుబిళ్ళల అట్టలు, పిన్నీసులు, రబ్బరు బ్యాండ్లు. కింద, తుండుగుడ్డ మడతలో నిరోధ్ పొట్లాలు. పొద్దున్నే అశోక్‌నగర్ అడ్డా మీద గంప దించి, పగిలిన మడమలు చీర అంచుతో కప్పుకుని కూర్చుంటుంది. పాలమూరు నుంచి వచ్చిన కూలీ ఆడవాళ్ళు మేస్త్రీల కోసం ఎదురుచూస్తూ ఆమె ముందు వంగుతారు. పని దొరకని నాడు ఇంకో పనికి పోవాల్సినవాళ్ళు బొట్టుబిళ్ళలు ఎంచుతున్నట్టే ఎంచి, తుండుగుడ్డ కిందికి చెయ్యి పోనిస్తారు. ఒకప్పుడు కురుమమ్మా ఆ పనికి పోయిన మనిషే, అందుకే ఎవరినీ ఏమీ అడగదు. ఎవరైనా నొప్పి అని గొణిగితే దవాఖానకు వెంటబెట్టుకుని పోతుంది. ఇందుకోసమే నారాయణగూడలోని ఒక సంస్థ ఆమెకు జీతమిస్తుందని ఇన్నేళ్ళలో బస్తీలో ఒక్కరికీ తెలియలేదు.

ఆ రోజు అడ్డా ఖాళీ అవకముందే ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. హెచ్ఐవి ఉన్న ఆడవాళ్ళు మందులు మానకుండా వాడుతున్నారా అని సంస్థ కొత్తగా ఒక అధ్యయనం చేస్తోంది. దాని అధికారి సుధీంద్ర చెడ్డవాడేం కాదు, కురుమమ్మను కుర్చీలో కూర్చోబెట్టే మాట్లాడతాడు. ఆమె ఆఫీసుకు పోగానే చేతుల్లేని నీలం కోటు ఒకటి ఇచ్చాడు. వీపు మీద పెద్ద ఎర్ర రిబ్బను, దాని కింద ‘హెచ్ఐవి నివారణ ప్రాజెక్టు’ అని అరచేయంత అక్షరాలు. ఢిల్లీ నుంచి ఇద్దరు పెద్దలు వచ్చారట. మందులు వాడే ఒక మనిషిని ఇంటి దగ్గరే కలవాలట, అధ్యయనం నియమమట. కురుమమ్మ దవాఖానకు తీసుకుపోయి మందులు మొదలుపెట్టించిన బుగ్గమ్మ ఇంటికి పోదామన్నాడు.

బుగ్గమ్మను తాను కూరగాయల మార్కెట్లోనే కలుస్తానని, ఇంటికి పోతే ఆగమైతదని కురుమమ్మ చెప్పింది. ఒక్కసారికే కదా అన్నాడతను. నిజం చెప్పాలంటే, కోటు తొడుక్కున్నప్పుడు కురుమమ్మకూ బాగానే అనిపించింది. ఆఫీసులో అందరి మెడల్లో కార్డులున్నాయి, తనకు గంప తప్ప ఏదీ లేదు. అద్దంలో ఒకసారి చూసుకుంది కూడా. అలా చూసుకున్నందుకే తర్వాత తనను తాను తిట్టుకుంది.

చిక్కడపల్లి వెనక సందు మొదట్లోనే కోటు విప్పి గంపలో కుక్కింది. ఫోటో కావాలని సుధీంద్ర మళ్ళీ తొడిగించాడు.

బుగ్గమ్మది కమలవ్వ ఇంటి ఆవరణలో రేకుల గది. పరీక్షలకు చదువుకునే పిల్లల హాస్టల్లో చపాతీలు చేస్తుంది. రెండేళ్ళ కింద ఎముకల గూడులా ఉన్న మనిషి మందుల పుణ్యమా అని నిండుగా తేరుకుంది. అవి బీపీ గోళీలని కమలవ్వకు చెప్పుకుంది. ఆ కమలవ్వ బుగ్గమ్మ చేతి జొన్నరొట్టె అడిగి మరీ తినేది.

ఢిల్లీ వాళ్ళు గడప ముందు నిలబడి హిందీలో అడిగారు. సుధీంద్ర గొంతు పెంచి తెలుగులో చెప్పాడు, మందు రోజూ వేసుకుంటున్నారా అని. బుగ్గమ్మ కురుమమ్మ ఒంటి మీది కోటు వైపు చూసింది. చేతిలోని పిండి గిన్నె కింద పెట్టింది. అరుగు మీద కమలవ్వ లేచి నిలబడింది. ఆమెకు చదువు రాదు, కానీ కురుమమ్మ వీపు మీది ఎర్ర రిబ్బను లాంటిదాన్నే దవాఖాన గోడ మీద చూసింది.

“ఎవరికున్నది?” అంది కమలవ్వ.

“ఎవరికి లేదవ్వ, అందరికి చెప్పుకుంట పోతున్నం,” అంది కురుమమ్మ. ఆ అబద్ధం ఆమెకే అతికినట్టు అనిపించలేదు.

ఆఫీసుకు తిరిగొచ్చాక సమోసాలు తెప్పించారు. ఢిల్లీ వాళ్ళు చాలా సంతోషించారట. కురుమమ్మ కోటు విప్పి సుధీంద్ర బల్ల మీద పడేసింది. ఇంటికి రావడానికి బుగ్గమ్మ ఒప్పుకుని కాగితం మీద వేలిముద్ర వేశాకే వెళ్ళాం కదమ్మా అన్నాడతను మెల్లగా.

“ఏలిముద్ర ఆమెది సారూ. ఇల్లు ఆమెది కాదు.”

కావాలంటే బస్తీలో ఒక అవగాహన సదస్సు పెడదామన్నాడు. ముందు మీకే పెట్టాలన్న మాట కురుమమ్మకు నోటిదాకా వచ్చింది. గంప ఎత్తుకుని మెట్లు దిగింది.

పొద్దు వాలుతుండగా కురుమమ్మ మళ్ళీ పోయేసరికి బుగ్గమ్మ గది తలుపు బార్లా తెరిచి ఉంది. కమలవ్వ గడప మీద ఫినాయిలు పోసి చీపురుతో రుద్దుతోంది.

“పొమ్మన్న, పోయింది. హాస్టలోళ్ళకు గూడ చెప్పిన. పిల్లలు తినే కాడ గదా,” అంది తల ఎత్తకుండా.

ఎక్కడికని అడిగితే తనకేం ఎరుక అంది. బుగ్గమ్మ ఫోను మోగడం లేదు. గూట్లో మందుల డబ్బా లేదు, అదొక్కటే నయం. అందులో నెలకు సరిపడా గోళీలు కూడా ఉండవు. అవి అయిపోయాక ఏ ఊళ్ళో, ఎవరి ముందు నోరు తెరుస్తుంది? మళ్ళీ ఎవరినైనా నమ్ముతుందా?

అప్పుడే సందులోని నల్లాకు నీళ్ళొచ్చాయి. బిందెల కోసం రోజూ జుట్లు పట్టుకునే ఆడవాళ్ళంతా దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డారు. ముందు వంతు బుగ్గమ్మది. పోకముందే పెట్టిన ఆమె ఎర్ర బకెట్టు నల్లా కిందే ఉంది.

“నువ్వు జరుపక్క, నీకు అలవాటే గద,” అని వరుసలోంచి ఎవరో అన్నారు.

“మీరే జరుపుండ్రి,” అంది కురుమమ్మ, అక్కడే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి.

ఎవరూ కదల్లేదు. బకెట్టు నిండి, పొర్లి, నీళ్ళు మోరీలోకి పోతూనే ఉన్నాయి.