సుద్దగీత తొక్కని మనిషి

మా ఆయన కోటు కత్తిరిస్తే తొడుక్కున్నవాడి గూని కూడా కనపడదని అందరూ అనేవారు. అలాంటి మనిషి రెండేళ్లుగా ఏ గుమ్మం దగ్గరికొచ్చినా, పాదాలు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోతున్నారు. పార్కిన్సన్స్ అన్నారు డాక్టరుగారు. మాత్రలతో చేతి వణుకు కాస్త తగ్గింది కానీ, గుమ్మాల పంతం మాత్రం తగ్గలేదు.

పోయిన నెల దర్జీకొట్టు గుమ్మంలోనే బోర్లా పడ్డారు. కొట్టు ఇప్పుడు మా తమ్ముడు నడుపుతున్నాడు. వాడికి కత్తెర పట్టడం నేర్పింది ఈయనే.

"బావా, నువ్వింక ఇంట్లోనే ఉండు. తుంటి విరిగితే అక్క నన్ను బతకనిస్తుందా?" అన్నాడు వాడు.

"మరి నా కత్తిరింపు బల్ల?"

తమ్ముడు తల వంచుకున్నాడు. "కొత్త కటింగు మాస్టరుతో మాట్లాడాను. వచ్చే నెల మొదటి సోమవారం వస్తాడు. ఆలోపు నువ్వు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గుమ్మం దాటి బల్ల దగ్గరికొస్తే, బల్ల నీదే."

నాకు ఒళ్లు మండింది. వాడి కళ్లలో నీళ్లు చూసి ఈయన్ని ఇంటికి తీసుకొచ్చేశాను. ఈయన మూడు రోజులు అన్నం కెలికి వదిలేశారు. బల్ల పోతే ఈ మనిషి నాకు మిగలరని భయం పట్టుకుంది.

డాక్టరుగారే మమ్మల్ని ఒక క్లాసుకు పంపారు. మందులు మానకూడదు, వాటికి తోడుగా ఇది అన్నారు. క్లాసంటే ఒక హాలు, పది కుర్చీలు, పాటకు తగ్గట్టు అడుగులు.

"ఈ వయసులో నాకు చిందులేమిటే?" అని మొదటిరోజు గుర్రుమన్నారు. రెండో వారానికి నాకంటే ముందే చెప్పులేసుకుని తయారు. పాట వినిపిస్తుంటే అడుగు చక్కగా సాగేది. గుమ్మం వచ్చిందంటే కథ మళ్లీ మొదటికే.

నడక నేర్పే అమ్మాయి నేలమీద ఎర్ర టేపు ముక్కలు అడ్డంగా అతికించింది. "తాతగారూ, ఒక్కో గీత మీద ఒక్కో అడుగు వెయ్యండి" అంది. మిగతావాళ్లు వేశారు. ఈయన మొదటి గీత దగ్గరే నిలబడిపోయారు.

"గీతలు అందరికీ పనిచెయ్యవమ్మా. ఇంకో ఉపాయం చూద్దాం" అంది ఆ పిల్ల. అప్పటికి ఆ సోమవారానికి ఇంకా ఐదు రోజులే ఉంది.

ఇంటికి రాగానే దులిపేశాను. "గీత మీద కాలు పెట్టడానికి ఏం మాయరోగం?"

"గీత మీద కాలెలా పెడతానే!" అని నామీదికి లేచారు.

నా మట్టిబుర్రకు అప్పుడు వెలిగింది. నలభై ఏళ్లు, బల్లమీద పట్టని బట్టంతా నేలమీద పరిచి, సుద్దతో గీసి, ఆ గీత చెరక్కుండా దాటుకుంటూ తిరిగిన మనిషి ఈయన. పెళ్లయిన కొత్తలో నేనొకసారి గీత తొక్కితే రెండు రోజులు మాట్లాడలేదు. అలాంటివారిని తొక్కమంటే తొక్కుతారా? చచ్చినా తొక్కరు.

సుద్ద తెచ్చి వంటింటి గుమ్మం ముందు బారుగా గీశాను. "ఏమండీ, ఇది చెరిగిందా, ఊరుకోను."

ఆయన గీతకేసి చూశారు. కుడికాలు లేచింది. గీత దాటింది. ఎడమకాలు దాని వెనకే వచ్చింది. చూస్తుండగానే మనిషి వంటింట్లో ఉన్నారు. నేను పొయ్యి ముందు నిలబడి భోరుమన్నాను.

క్లాసులో చెబితే ఆ అమ్మాయి తల పట్టుకుంది. "నేను తొక్కమన్నాను, మీరు దాటమన్నారు!" అని టేపులన్నీ పీకేసి, ఆయన అడుగు కొలిచి, సుద్దతో గీతలు గీసింది. ఆదివారం దాకా అదే పని.

సోమవారం కొట్టుకు వెళ్లేసరికి కొత్త మాస్టరు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి మిషన్లన్నీ ఆగిపోయాయి. నేను గుమ్మం ముందు వంగి గీత గీయబోతుంటే తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటక్కా ఇది?"

"మీ బావ సుద్దగీత తొక్కరురా. నీకు తెలీదా?"

తెలియకేం, చిన్నప్పుడు తొక్కి తన్నులు తిన్నవాడే కదా. నా చేతిలో సుద్ద తీసుకుని మోకాళ్లమీద కూలబడి, గుమ్మం నుంచి బల్లదాకా నేను చెప్పిన దూరంలో గీసుకుంటూ పోయాడు.

గుమ్మం బయటినుంచి మా ఆయన గొంతు ఖంగుమంది. "మూడోది వంకర. చెరిపి మళ్లీ గియ్యి."

వాడు చెరిపి మళ్లీ గీశాడు. అప్పుడు కదిలారు మా ఆయన. ఒకటి, రెండు, మూడు. ఏ చెయ్యీ అందుకోకుండా, ఏ గీతా చెరక్కుండా వెళ్లి బల్లమీద రెండు చేతులూ ఆనించారు. కొత్త మాస్టరు లేచి, మెడలోని కొలత టేపు తీసి ఆయన మెడలో వేసి, పక్క బల్లకు జరిగాడు. కత్తెర పట్టగానే ఆయన చేతి వణుకు తగ్గింది. బట్ట తిన్నగా తెగింది.

మధ్యాహ్నం ఏదో హడావిడిలో తమ్ముడు రెండో గీత తొక్కాడు. బల్ల దగ్గర్నుంచి కొలత టేపు ఎగిరొచ్చి వాడి వీపుమీద ఛెళ్లున తగిలింది. వాడు వీపు రుద్దుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, కొట్టంతా వినపడేలా నవ్వాడు.