లీవరు మీద చెయ్యి

నా నూలు చీర ఒకటి తెచ్చి బండి ట్యాంకు మీద కప్పమన్నారు ఆయన. పాత గోనెగుడ్డ తెస్తానంటే వద్దన్నారు. గరుకు గుడ్డయితే పెయింటు మీద గీతలు పడతాయట, మెత్తటి చీరే కావాలట. బ్రేక్ ఆయిల్ చుక్క పడినా రంగు లేచిపోతుందట. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో నా చీర మెత్తగా ఉంటుందని ఆయన గమనించడం అదే మొదటిసారి.

నాకు ఆ బండంటే కుళ్ళు. ఈ మాట పైకి అంటే ఏలూరంతా నవ్వుతుంది. సవతిని చూసి ఏడ్చేదాని మీద జాలిపడేవాళ్ళుంటారు గానీ, ఇనప ముక్కని చూసి ఏడ్చేదాని మీద ఎవరు జాలిపడతారు? కానీ ఆయన బండి దగ్గర కూర్చున్నప్పుడు చూడాలి. డిస్క్ బ్రేకు బండి మా వీధికి అదే కొత్త. దానికి ఎత్తు హ్యాండిల్ వేయించాక బ్రేకు గొట్టం పొట్టిదైపోయింది, హ్యాండిల్ పూర్తిగా తిప్పితే బిగుసుకుంటోంది. విజయవాడ నుంచి పొడుగుది, పైన స్టీలు అల్లికున్నది తెప్పించారు. పాత రాగి వాషర్లు పనికిరావని కొత్తవి వేసి బిగించారు. ఆ తర్వాత హ్యాండిల్ అటూ ఇటూ నెమ్మదిగా తిప్పుతూ, గొట్టాన్ని వేళ్ళతో తడుముతూ, ఎక్కడైనా లాగుతోందా, దేనికైనా ఒరుసుకుంటోందా అని ఎంత ఓపిగ్గా చూశారో. నేను బడిలో రోజంతా నిలబడి పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి వంట చేసి, నడుం పట్టేసిందండీ అంటే, ఏదైనా రాసుకో అని పేపర్లోంచి తలెత్తకుండా చెప్పే మనిషి ఈయనేనా అనిపించింది.

కొత్త గొట్టంలో గాలి ఉండిపోతే బ్రేకు పడదు. ఆ గాలి తియ్యడానికి ఇద్దరు కావాలి. ఒకరు హ్యాండిల్ మీది బ్రేకు లీవరు నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు కింద చక్రం దగ్గర చిన్న మర విప్పి, బుడగలు పోగానే బిగించాలి. బిగించేలోపు లీవరు వదిలితే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. నొక్కేది నేను. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దకుండా బల్ల మీద పడి ఉన్నాయి. "నొక్కు ప్రీతీ, వదలకు" అంటున్నారాయన. మా అత్తగారు సూరమ్మగారేమో వరండాలో పక్కింటావిడతో, మా హెన్రీ మెకానిక్కు గడప తొక్కడు, అన్నీ ఒక్కడే చేసుకుంటాడు అని చెప్తున్నారు. ఒకసారి ఆయిల్ చింది నా మోచేతి మీద పడింది.

"ట్యాంకు మీద పడలేదు కదా?" అన్నారాయన కంగారుగా.

ఇంతలో ఆయన ఆఫీసు స్నేహితుడు ప్రసాదరావుగారు వచ్చారు. మా ఆయన గబుక్కున లేచి, లీవరు నాలుగైదుసార్లు వరసగా నొక్కి, రాయిలా ఉంది, ఇక చాలన్నారు. వరసగా నొక్కితే గట్టిపడుతుంది నిజమే. కాసేపు వదిలేసి ఒక్కసారి నొక్కితే మెత్తగా లోపలికి జారిపోతోంది. అంతసేపూ దాన్ని పట్టుకున్న చెయ్యి నాది, నాకు తెలుసు.

"ఇంకా గాలి ఉందండీ" అన్నాను.

ఆయన ప్రసాదరావుగారి వైపు చూసి నవ్వారు. అలిసిపోతే ఆడవాళ్ళ చేతికి అన్నీ మెత్తగానే తగులుతాయన్నారు. ప్రసాదరావుగారు మర్యాదకి నవ్వారు. ఆ బండి ఏ మూలో చిన్న చప్పుడు చేస్తే చాలు, మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఒగ్గే మనిషి!  నేను లోపలికెళ్ళి పప్పు దించాను.

సాయంత్రం కైకలూరులో మా ఆడపడుచు ఇంట్లో ప్రార్థన కూటం. ఆయనా మా పాప నిస్సీ బండి మీద, నేనూ అత్తగారూ బస్సులో అని ముందే అనుకున్నాం. కొల్లేరు మీదుగా రోడ్డు. అటూ ఇటూ నీళ్ళు, ఎదురుగా చేపల లారీలు. అవి ఐసు నీళ్ళు కార్చుకుంటూ పోతాయి, రోడ్డెప్పుడూ తడే. నిస్సీ అప్పటికే ట్యాంకు మీదెక్కి కూర్చుంది. ఆయన ఇంజను స్టార్ట్ చేశారు. నేను వెళ్ళి పిల్లని దింపేశాను. సరదాగా ఎక్కినదాన్ని దింపుతావేంటమ్మా అని అత్తగారు అడుగుతూనే ఉన్నారు.

"బ్రేకు ఒక్కసారి నొక్కండి. వరసగా కాదు, ఒక్కసారే" అన్నాను ఆయనతో.

విసుగ్గా నొక్కారు. లీవరు వెళ్ళి గ్రిప్పుకి ఆనుకుంది, బ్రేకు పడనేలేదు. ఆయన మొహం పాలిపోయింది. ఇంజను ఆపారు.

"నువ్వు ముందే చెప్పొచ్చుగా" అన్నారు.

చెప్పాను. ప్రసాదరావుగారి ఎదుటే చెప్పాను. ఆ సంగతి ఆయనకి గుర్తే లేదు. నటన కాదు, నిజంగానే లేదు. ఇన్నాళ్ళూ ఆ బండిని చూసి నేను ఏడ్చింది దేనికో అప్పుడు తెలిసింది. ఆ తుడవడాలూ తడమడాలూ నాకక్కర్లేదు. ఆ బండి చెప్తే ఆయన నమ్ముతారు, నాకు కావలసింది అదీ. అడిగితే వచ్చేదయితే ఈపాటికి వచ్చి ఉండేది.

నిస్సీ చెయ్యి పట్టుకున్నాను. గొంతు పెంచలేదు.

"పిల్ల నాతో బస్సులో వస్తుందండీ. ఇకమీదట అది ఏ బండెక్కాలో నేను చెప్తాను. మీరు వింటే ఇద్దరం అనుకున్నట్టు. వినకపోతే నేను అన్నట్టు."