స్పాంజి పట్టిన చెయ్యి

1996 ఫిబ్రవరి 11, ఆదివారం. ఆ మధ్యాహ్నం కోనాం చేపల పులుసు తిన్నాను. వండింది మా బావమరిది జోగులు భార్య నూకరత్నం. నా కడుపుమంట గుర్తుపెట్టుకుని కారం తగ్గించి, మా దీవిలోని జాలరిపేట జంగ్లీఘాట్‌లో రెండు సందులు దాటి గిన్నె తెచ్చింది. నా భార్య సీతాలు పోయాక ఇలాంటివి గుర్తుపెట్టుకునే మనిషి ఆమె ఒక్కతే. ఆ రోజు మాత్రం గిన్నె పెట్టి వెళ్లిపోలేదు.

"ఆయనకి అన్నం నేనే కలిపి పెడతన్నానన్నయ్యా," అంది. "చెయ్యి నోటికాడికి రాటం లేదు."

చెయ్యి కడుక్కుని ఆమె వెంట నడిచాను.

జోగులు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడి భుజానికి తడిగుడ్డతో ఎర్రటి సముద్రపు స్పాంజి ముక్క కట్టుకున్నాడు. స్పాంజిలోని గాజులాంటి నూగు గుచ్చుకుని చర్మమంతా దద్దుర్లు లేచాయి. ఆ స్పాంజి కథ నాకు తెలుసు. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన ఒక పరిశోధన బృందం వండూర్ తీరం అవతలి లోతుల్లో దాన్ని ఏరిస్తోంది. అందులోని పదార్థం వాపునూ నొప్పినీ తగ్గిస్తుందని, ఎలుకల్లో రుజువైందని వాళ్ల సారు నాకు ఒకసారి వివరంగా చెప్పాడు. ఆశగానే విన్నాను. సీతాలు చివరి ఏళ్లలో కీళ్లవాపుతో జడ కూడా తాను వేసుకోలేకపోయింది. అలాంటి మందు సముద్రంలో ఉంటే చేతులెత్తి మొక్కుతాను.

కానీ స్పాంజి కోసం దిగేది సారు కాదు, జోగులు. పడవ మీద గాలి కొట్టే కంప్రెసరు, నోట్లో దాని గొట్టం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దిగడం, ఎక్కడం.

"నొప్పి ఎప్పుడు తగ్గుతుందిరా?" అని అడిగాను.

"కింద స్పాంజి పట్టుకుంటే సాలు బావా. దర్ద్ బిల్కుల్ ఖతం. పైకొచ్చాక మళ్లీ పట్టేస్తాది. పచ్చిదైతేనే పనిసేస్తాది కామోసు."

 నేను బళ్లో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. లోతులో పీల్చిన గాలి ఒంట్లో కరిగి ఉంటుంది. గబగబా పైకి వస్తే, మూత తీసిన సోడాలో లేచినట్టు కీళ్లలో బుడగలు లేస్తాయి. మళ్లీ దిగితే నీటి బరువుకు అవి నలిగి నొప్పి పోతుంది. పైకి వస్తే మళ్లీ ఉబ్బుతాయి. వీడి నొప్పి తీసింది సముద్రం బరువు. పేరు స్పాంజికి వచ్చింది.

అదే వాడికి చెప్పాను. నవ్వాడు.

"నువ్వు సోడా అంటావు, సారు మందంటాడు. సారుకి ఎలకలున్నాయి బావా, నీకేటున్నాయి?"

అప్పుడే జీపు ఆగింది. సారు టేపురికార్డరుతో దిగాడు. ఈ తీరంలో జాలర్లు తరతరాలుగా నొప్పులకు ఆ స్పాంజి కట్టుకుంటారని జోగులు నోటితో చెప్పించుకోవాలట. ఆ తరతరాల వైద్యం పుట్టి నెల కూడా కాలేదు. పుట్టింది ఈ గోడ పక్కనే.

నేను మర్యాదగానే మొదలుపెట్టాను. ఇది లోతు జబ్బు, నేవీ ఆసుపత్రిలో గాలి ఒత్తిడి పెట్టే గది ఉంది, వెంటనే తీసుకువెళ్లాలి అన్నాను. సారు నా భుజం మీద చెయ్యి వేశాడు. అక్కడికి వెళితే ఎవరు దింపారు, ఎంత లోతుకు, అనుమతి ఏది అని అడుగుతారట. ప్రాజెక్టు ఆగిపోతుందట. రేపు ఒక్క మునక మునిగితే సరిపోతుందట, తర్వాత ఎంత ఆరామ్ అయినా తీసుకోవచ్చట.

"ఇది అందరి నొప్పి కోసం చేస్తున్న పని, మాస్టర్‌జీ," అన్నాడు హిందీలో.

ఆ చేతిని నా భుజం మీది నుంచి తీసేశాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అందరిలో వీడు లేడా? ఎలుకకు వాపు వస్తే కొలిచారు. వీడి భుజం ఒక్కసారి పట్టుకు చూశారా?"

 జవాబు చెప్పింది జోగులు. రేపు దిగుతానన్నాడు. కింద ఉన్నంతసేపే తనకు నిద్ర పట్టేంత హాయిగా ఉంటుందన్నాడు. ఆ మాటకు నా కోపం ఎటు పోవాలో తెలియక వాడి మీదికే తిరిగింది. చచ్చిపోతావురా అని అరవబోయాను.

అంతలో వంటగది గుమ్మంలోంచి నూకరత్నం అంది. "మొన్న స్పాంజి దొరకలేదని ఖాళీ సేతుల్తో వచ్చావు గదా. కింద నొప్పి లేదనే సెప్పావు. ఆ రోజు ఏటి పట్టుకున్నావు?"

జోగులు ఆమె వైపు చూశాడు. ఆలోచించాడు. ఆ రోజు వాడు ఏమీ పట్టుకోలేదు. లేచి నిలబడాలనుకున్నాడు కాబోలు, కుడి కాలు మాట వినలేదు. ఉన్నచోటే ఒరిగాడు.

"కాలు తెలీట్లేదు బావా," అన్నాడు మెల్లగా.

సారు ఆటో పిలిపిద్దాం అన్నాడు. జీపు డ్రైవరు గవరయ్య ఆయన మాట పూర్తి కానివ్వలేదు. ఎవరినీ అడగకుండా జీపు వెనక తలుపు తెరిచి, తన తువ్వాలు సీటు మీద పరిచి, జోగులు చంకల కింద చేతులు వేశాడు. ఆ తువ్వాలును నేను మరిచిపోను.

ఆసుపత్రిలో అడిగినవన్నీ చెప్పాను. దింపింది ఎవరో, అనుమతి లేదన్న సంగతి, సారు పేరు, అన్నీ. గొంతు తగ్గించలేదు. వరండా చివర నిలబడ్డ సారుకు కూడా వినపడాలనే చెప్పాను.

గాలి గది పెద్ద ఇనుప పీపాలా ఉంది. పక్కకు గుండ్రటి అద్దం. ఒక మగ నర్సు కూడా జోగులుతో లోపల కూర్చున్నాడు. ఒత్తిడి పెరిగే కొద్దీ అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాం. కొంతసేపటికి జోగులు కుడి చెయ్యి తలపైకి ఎత్తాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు. తర్వాత అరచేతిని ముఖం ముందుకు తెచ్చుకుని, అందులో ఏమీ లేకపోవడాన్ని చాలాసేపు చూశాడు.

కాలి సంగతి ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు. వారాల కిందట వచ్చి ఉంటే ఈ అనుమానమే ఉండేది కాదన్నాడు.  ఆ స్పాంజిలో మందు నిజంగానే ఉండవచ్చు. రేపు ఎవరో దాన్ని సీసాలో పోస్తారు. అది ఏ సీతాలు చేతులకైనా అందాలి. కానీ దాని పుట్టుక గురించి ఎవరు ఏం రాసినా, ఈ కాలి సంగతి కూడా చెప్పించేదాకా నేను ఊరుకోను.

నూకరత్నం బల్ల మీద కూర్చునే నిద్రపోయింది. మా వైపు వరండా దీపం ఆర్పడానికి వచ్చిన నేవీ కుర్రాడు ఆమెను చూసి బూట్ల చప్పుడు తగ్గించాడు. నాకు తల ఊపి, బయటి తలుపును చేత్తో ఆపుతూ ఆపుతూ, గడియ కూడా వినపడకుండా మూశాడు.