గుడ్డ ఊపని మనిషి

బంతిపూల వాసన. నీళ్లు చల్లిన బంతిపూల వాసన... ఆ దండల మధ్య ఒక ఎర్రటి మొహం, గుండెల నిండా పతకాలు.

పేరమ్మ ఆ మొహాన్ని నమ్మలేదు.

ఆకాశంలోకి వెళ్లొచ్చిన రష్యా మనిషట! విజయవాడ సభంతా చప్పట్లు కొడుతోంది. దివిసీమ నుంచి చల్లపల్లిలో బస్సు మారి వచ్చిన పేరమ్మ మాత్రం చేతులు కొంగులో దాచుకుంది.

చేతులకు ఇంకా గాజులున్నాయి.

పోయిన కార్తీకంలో ఉప్పెన. వేటకెళ్లిన మొగుడు మంగరాజు రాలేదు. పడవ రాలేదు. శవమూ దొరకలేదు. గాజులు తియ్యమని మరిది కొండలయ్య ఒకటే పోరు. కళ్లతో చూసినవాళ్లు చెబితే తీస్తానంది.

చూసినవాళ్లెవరు?

పైనున్నవాడు.

వాళ్ల రేవులో అదే పద్ధతి. ఒకడు ఇసకదిబ్బ ఎక్కి నీళ్ల రంగు కనిపెడతాడు. చేపల గుంపు కనబడినా గుడ్డ ఊపుతాడు, ముప్పు కనబడినా ఊపుతాడు. ఊపకపోతే వాడికి ఊళ్లో నిలవ నీడ ఉండదు.

మరి అంత పైకెక్కినవాడు...?

ఆయన రష్యన్‌లో చెబుతుంటే లెక్చరరు ఛాయాదేవి తెలుగులో చెబుతోంది — కమ్మరి కొడుకు. తండ్రి యుద్ధంలో పోయాడు. పగలు ఫ్యాక్టరీ పని, సాయంత్రాలు విమానం నడపడం నేర్చుకోవడం. ఒకే ఒక్కసారి ఆకాశం. సముద్రాలన్నీ చూశాడు. ఆ తరవాత గుండెలో ఏదో తేడా అన్నారు, మళ్లీ పంపలేదు.

తేడానా? పేరమ్మకు ఒళ్లు మండింది. చూడరానిది చూశాడు గనకే దింపేశారు. దింపి, నోరు కట్టేసి, దండలేసి ఊళ్లు తిప్పుతున్నారు. ఆ నవ్వు చూడు... తప్పు చేసినవాడి నవ్వు.

జనాన్ని తోసుకుంటూ వేదిక ముందుకు వెళ్లింది.

"ఉప్పెన రోజు పైనించి చూశావు గదయ్యా. గుడ్డెందుకు ఊపలేదు? మా ఆయన పడవ ఎటు పోయింది?"

ఛాయాదేవి ఆయన వైపు వంగింది. ఆ మాట రష్యన్‌లోకి వెళ్లింది. ఆయన నవ్వు ఆగిపోయింది. చాలాసేపు, మెల్లగా ఏదో చెప్పాడు — మధ్యలో కళ్లు తుడుచుకున్నాడు.

ఛాయాదేవి చెప్పింది మాత్రం కొంచెమే. ఆయన పైకి వెళ్లింది ఏళ్ల కిందటట. ఉప్పెన రోజు ఇంట్లోనే ఉన్నాడట.

అంత ఏడుపుకు ఇంతేనా? ఏం దాస్తున్నారు వీళ్లు?

"మరి ఆ రోజు పైన ఎవరున్నారు?"

ఛాయాదేవి అడిగింది. ఆయన తల అడ్డంగా తిప్పాడు.

"ఎవ్వరూ లేరటమ్మా."

పేరమ్మ ఆయన కళ్లలోకే చూసింది. అబద్ధమైతే బాగుండును. అబద్ధమే అయి ఉండాలి...

అక్కడే నేలమీద కూర్చుంది. నిజం చెప్పేదాకా లేవనంది.