గుండుసూదుల పాఠం

"నువ్వు వ్యాపారం నేర్పిస్తావా? కూరగాయలవాడు కొసరు వెయ్యకపోతే అడగడానికి నోరు పెగలదు నీకు!"

భర్త పకపకా నవ్వాడు. మన మేడమ్ అప్పుడు ఆయన చొక్కా కాలరుకే ఇస్త్రీ చేస్తోంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయన చెడ్డవాడేం కాదు. ఇంట్లో పనంతా గాలీ వెలుతురూ లాగా దానంతటదే జరిగిపోతుందని నమ్మినవాడు, అంతే. ఆమె జ్వరంతో పడుకున్న రోజున "మరి వంట?" అన్నాడే గానీ, "ఎలా ఉంది?" అనలేదు. అత్తగారైతే వచ్చినవాళ్ళందరికీ "మా కోడలికి నోట్లో నాలుక లేదు" అని మురిసిపోతూ చెప్పేది. నాలుక లేకేం, ఉంది. ఇన్నేళ్ళూ దాన్ని పళ్ళ వెనకాల దాచుకుందంతే. అయినా ఆ కొసరు మాట మాత్రం ఆమెను ముల్లులా గుచ్చింది, అందులో నిజం ఉంది కాబట్టి.

ఆమె పెద్దవాళ్ళకు చదువులూ చేతిపనులూ నేర్పే కమ్యూనిటీ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతుంది. పాఠాలతో పాటు మీటింగుల్లో టీలూ, వచ్చినవాళ్ళకు మర్యాదలూ ఆమే. "మన ఇల్లు లాంటిదే కదమ్మా" అంటారు ప్రిన్సిపాల్. ఇల్లు లాంటిదే, కాదన్నదెవరు? అక్కడా జీతం లేని పనే ఎక్కువ. సొంత వ్యాపారం మీద ఒక కోర్సు పెడదామని ఆమె కాళ్ళరిగేలా తిరిగితే ఆయన ఎట్టకేలకు ఒప్పుకున్నారు. అదీ ఒక షరతు మీద. శుక్రవారానికి గది నిండకపోతే కోర్సు రద్దు.

"వ్యాపారవేత్త కావాలనుకుంటున్నారా?" అని కాలేజీ గోడలనిండా పోస్టర్లు అతికించింది. వచ్చిందెవరు? రిటైరైన ఇద్దరు పెద్దమనుషులు. ఫ్యాను కింద కాసేపు కునుకు తీసి వెళ్ళిపోయారు. "ఆడవాళ్ళకు ఇవన్నీ పట్టవమ్మా" అన్నారు ప్రిన్సిపాల్, ఆమె ఇచ్చిన టీ తాగుతూ.

బుధవారం బ్యాగు జిప్పు ఊడిపోతే ఆమె కాలేజీలోని కుట్టుగదికి వెళ్ళింది. అక్కడ బొత్తాలక్క ఉంది. చుట్టుపక్కల వీధుల్లో ఊడిన ప్రతి బొత్తామూ ఆమె చేతికే వస్తుందని ఆ పేరు. పెదాల మధ్య గుండుసూదులు బిగించి, మాటాపలుకూ లేకుండా జిప్పు బాగుచేసింది.

"ఎంత?" అంది మేడమ్.

సూదులు తీసి, "అయ్యో, మీ ఇష్టం మేడమ్" అంది బొత్తాలక్క.

"నా కోర్సులో చేరకూడదూ?"

"వ్యాపారమా! నాకెందుకు మేడమ్? నేనేదో నాలుగు కుట్లు వేసుకునేదాన్ని."

పక్కనే కుట్టు నేర్చుకుంటున్న ఆవిడ వీధిలో పిల్లలందరినీ చూసుకుంటుంది. ఆ పక్కావిడ ఆఫీసులకు క్యారేజీలు కట్టి పంపుతుంది. ఎంత తీసుకుంటారని ఎవరినడిగినా అదే పాట, మీ ఇష్టం, మీ ఇష్టం. హవ్వ, పొద్దస్తమానం వ్యాపారం చేస్తూ కూడా తమది వ్యాపారమని వీళ్ళకు తెలియదే! తెలియని పేరు పెట్టి పిలిస్తే ఎవరు పలుకుతారు? తప్పంతా నాదే అనుకుంది. ఆ సాయంత్రమే పాత పోస్టర్లు చింపేసి కొత్తవి రాసింది. "ఎవరైనా 'ఎంత?' అంటే మీరు 'మీ ఇష్టం' అంటున్నారా? అయితే రండి."

శుక్రవారం గది నిండిపోయింది. చాలక ప్రిన్సిపాల్ గదిలోంచి కుర్చీలు మోసుకొచ్చారు.

మొదటి పాఠం, ధర చెప్పి ఊరుకోవడం. చెప్పడం అందరికీ వచ్చింది, ఊరుకోవడమే ఎవరివల్లా కాలేదు. ధర చెప్పిన మరుక్షణమే "పోనీ, తగ్గించుకుని ఇవ్వండి" అని ఎవరికి వాళ్ళే బేరమాడేసుకుంటున్నారు. నవ్వులే నవ్వులు. చివరికి బొత్తాలక్క లేచింది. ధర చెప్పింది, చటుక్కున గుండుసూదులు పెదాల మధ్య పెట్టేసుకుంది. "ఇక నోరు తెరిస్తే గుచ్చుకుంటాయి మరి!" అన్నట్టు కళ్ళెగరేసింది. గది గదంతా చప్పట్లు కొట్టింది.

ఆ సందడికి ప్రిన్సిపాల్ వచ్చారు. "భేష్ మేడమ్! ఇక నుంచి రెండు బ్యాచులు పెడదాం. ఆదివారాలు కూడా మీరే చూసుకోండి. మన ఇల్లు లాంటిదే కదా! అన్నట్టు, దీనికి విడిగా ఏమైనా ఇవ్వాలంటారా? ఎంత?"

"మీ ఇష్టం సార్" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. గదిలో ఆడవాళ్ళందరూ ఆమె వంకే చూస్తున్నారు. ఆ మాట మింగేసింది. తన గంటకు తగిన ధర, ఆదివారానికి దానికి రెట్టింపు చెప్పింది.

ప్రిన్సిపాల్ దగ్గారు. గోడ వంక చూశారు. ఫ్యాను కిర్రుమంటోంది. "పోనీ" అన్న మాట ఆమె గొంతులో కొట్టుకులాడుతోంది. వెనక వరసలోంచి బొత్తాలక్క తన పెదాల వైపు వేలు చూపించింది.

మన మేడమ్ లేని గుండుసూదుల్ని పెదాల మధ్య బిగించి పట్టుకుంది.

"సరేనమ్మా, అలాగే" అన్నారు ప్రిన్సిపాల్ చివరికి.

ఇన్నేళ్ళూ అందరి కోసం మూసుకున్న నోరే అది. తన కోసం మూసుకోవడం మాత్రం ఇదే మొదటిసారి.